ఎవరికీ అక్కర్లేని రోజు: రిటైరైన ఒక లైన్‌మన్ కేసు

నేను హైదరాబాద్‌లో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చే పెద్దవయసు వాళ్లలో చాలామంది, రిటైరయ్యాక పిల్లల దగ్గరికి సిటీకి వచ్చినవాళ్లే. వాళ్లకు అందరూ చెప్పే సలహా ఒకటుంది: పొద్దున్నే వాకింగ్‌కి వెళ్లండి, నలుగురితో కలవండి, ఏదో ఒక వ్యాపకం పెట్టుకోండి. చాలామందికి అది సరిపోతుంది. ఈ కేసులో సరిపోలేదు. ఎందుకు సరిపోలేదో, చివరికి ఏది పనిచేసిందో కాస్త వివరంగా రాస్తాను. ఇలాంటి పెద్దవాళ్లను చూసే తోటి కౌన్సెలర్లకూ, ఇంట్లో ఇదే టెన్షన్‌తో ఉన్న పిల్లలకూ పనికొస్తుందని నా ఆశ.

ఆయనా, ఆయన కుటుంబమూ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరు, కుటుంబ వివరాలు, తేదీలు మార్చాను. ఉద్యోగం మాత్రం మార్చలేదు. మారుస్తానంటే ఆయనే వద్దన్నారు. "లైన్‌మన్ అని రాయకపోతే ఇగ నా గురించి ఏం రాసినట్టు మేడం?" అన్నారు.

నేపథ్యం

తెలంగాణలో బోర్ల కింద వరి పండే ఒక మండలం ఆయనది. కరెంటు సంస్థ ఇంకా ఎలక్ట్రిసిటీ బోర్డుగా ఉన్న రోజుల్లో, అంటే 1999లో దాన్ని వేరువేరు సంస్థలుగా విడగొట్టక ముందే, హెల్పర్‌గా చేరారు. అసిస్టెంట్ లైన్‌మన్, లైన్‌మన్, ఆఖరికి లైన్ ఇన్‌స్పెక్టర్. హోదా మారినా తిరిగిన ఊళ్లు మాత్రం దాదాపు అవే. ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎన్ని మోటర్లున్నాయో, ఏ స్తంభం ఎప్పుడు ఒరిగిందో, ఏ రైతు స్టార్టర్ డబ్బాలో పుల్ల పెట్టి నడిపిస్తాడో అన్నీ ఆయనకు నోటి లెక్క.

వ్యవసాయానికి 24 గంటల సరఫరా 2018 జనవరి 1న మొదలైంది. అంతకు ముందు పొలాలకు కరెంటు విడతల వారీగా, తరచూ రాత్రిపూట వచ్చేది. నాట్ల కాలంలో రాత్రి రెండింటికి ఫోన్ మోగడం, "కాకా, ఫీజు పోయింది" అనడం, ఆయన టార్చి పట్టుకుని బండి తీయడం ఆ ఇంట్లో మామూలు విషయం. పండక్కి కూడా పూర్తిగా కూర్చుని తిన్నది లేదని భార్య చెప్పారు. ఆ చెప్పడంలో ఫిర్యాదు ఉంది, కొంచెం గర్వం కూడా ఉంది.

రిటైరైన రోజు శాలువాలు, దండలు, ఊరేగింపు. కొన్ని నెలలకు కొడుకు వచ్చి ఇద్దరినీ హైదరాబాద్ తీసుకొచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పెద్ద అపార్ట్‌మెంట్‌లో సొంత ఫ్లాటు, బడికి వెళ్లే కూతురు. "ముప్పై ఏళ్లు ఎండనక వాననక తిరిగిండు. ఇప్పుడన్నా కాలు మీద కాలేసుకుని కూర్చోవాలె" అన్నది అతని కోరిక. ఆ ప్రేమలో వంక పెట్టడానికేమీ లేదు. కాకపోతే ఇంట్లో బల్బు పోయినా ఆయన్ను స్టూల్ ఎక్కనిచ్చేవారు కాదు. యాప్‌లో బుక్ చేస్తే ఎవరో వచ్చి మార్చి వెళ్లేవారు.

ఏ సమస్యతో వచ్చారు

కొడుకు తీసుకొచ్చింది మతిమరుపు అని. కుళాయి కట్టేయడం మరచిపోతున్నారు, లిఫ్టులో వేరే అంతస్తులో దిగిపోతున్నారు, మనవరాలిని తీసుకురావాల్సిన బస్సు టైము గుర్తుండట్లేదు. ఇంటర్నెట్‌లో చదివి డిమెన్షియా అనుకుని కుటుంబమంతా భయపడి ఉన్నారు.

మొదట శరీరం వైపు చూడాలి. వయసు పైబడినవాళ్లలో థైరాయిడ్ తగ్గినా, బీ12 లోపించినా మనిషి ఇలాగే మందకొడిగా మారతాడు. ఫిజీషియన్ పరీక్షలు చేయించారు. బీ12 కొంచెం తక్కువుంటే ఇంజెక్షన్లు ఇచ్చారు, మిగతావన్నీ బాగానే ఉన్నాయి. జ్ఞాపకశక్తి పరీక్ష నేను చేశాను. ఏ ప్రశ్న అడిగినా ఆలోచించకుండానే "తెల్వదు మేడం" అనేవారు. తొందరపెట్టకుండా ఆగి, చిన్న ఆధారం ఇస్తే మాత్రం చాలావరకు సరిగ్గానే చెప్పారు. డిమెన్షియా మొదలైనవాళ్లు తరచూ తమ మరుపును కప్పిపుచ్చుకోవడానికి ప్రయత్నిస్తారు. కుంగుబాటులో ఉన్నవాళ్లు ప్రయత్నమే చేయరు, పైగా "నాకేం గుర్తుండట్లేదు" అని ముందే చెప్పేస్తారు. ఇదొక్కటే తేల్చేసే గీటురాయి కాదు కానీ, మిగతా లక్షణాలన్నీ అటే చూపించాయి. తెల్లవారుజామున మూడింటికే మెలకువ, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం, టీవీ ముందు కూర్చున్నా ఏం చూశారో తెలియకపోవడం.

పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళిలో 27కి 17 వచ్చింది. 15 నుంచి 19 మధ్య ఉంటే కుంగుబాటు గట్టిగానే ఉన్నట్టు లెక్క. అందులో తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. "చచ్చిపోవాలని లేదు మేడం. పొద్దున లేవకపోతే మంచిగుండు అనిపిస్తది" అన్నారు. ఇలాంటి జవాబు వచ్చినప్పుడు ఆగి, సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. కరెంటు పని చేతిలో ఉన్న మనిషి కాబట్టి ఆ సంగతి కూడా పేరుపెట్టి అడిగాను. ఆయన కాసేపు చేతులు చూసుకున్నారు. "స్తంభం మీది నుంచి మనుషుల్ని దించిన చేతులివి. దాని జోలికి పోను" అన్నారు. ఆ మాట నమ్మాను, కానీ దాని మీదే ఆధారపడలేదు. విషయం కొడుక్కి, భార్యకు ఆయన ముందే చెప్పాం. మందులు భార్య దగ్గర ఉంచాం. రాత్రిపూట మనసు మరీ బాగాలేకపోతే ఎవరిని లేపాలో మాట్లాడుకున్నాం. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఆయన ఫోన్‌లో సేవ్ చేయించాం. అది 24 గంటలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ఆ ఫోన్ గురించి భార్య ఒక విషయం చెప్పారు. పడుకునేటప్పుడు కూడా సౌండు ఫుల్లుగా పెట్టి దిండు పక్కనే ఉంచుకుంటారట. రోజుకు ఒకటి రెండుసార్లు మనవరాలిని పిలిచి "సిగ్నల్ ఉందా చూడు బిడ్డా" అని చూపించుకుంటారట. సిగ్నల్ ఎప్పుడూ ఉండేది. నా నోట్సులో ఆ రోజు పరీక్షల ఫలితాలకన్నా పైన రాసుకున్నది ఈ విషయమే.

మొదటి నిర్ణయం: ముందు చికిత్స

జీవితంలో అర్థం, మనకంటూ నలుగురు ఉండటం, మనసుకు నచ్చిన పని అంటూ ఈమధ్య చాలా వింటున్నాం. అవన్నీ నిజమే. అయితే 17 స్కోరుతో, మూడింటికి లేచి సీలింగ్ చూస్తూ పడుకునే మనిషిని "మీకు ఏది ఆనందాన్నిస్తుంది?" అని అడిగితే ఆయనకు జవాబు దొరకదు. దొరకనందుకు ఇంకా చిన్నబోతాడు. అందుకే ముందు సైకియాట్రిస్టు దగ్గరికి పంపాను. మందు మొదలైంది. కొన్ని వారాల్లో నిద్ర కుదిరింది, ఆకలి వచ్చింది, స్కోరు 12కి దిగింది. కుళాయి మరచిపోవడం చాలావరకు తగ్గింది. ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు.

ఆయన మాత్రం అన్నదిది: "నిద్ర వస్తుంది మేడం. లేవబుద్ధే కాదు. లేచి ఏం జేయాలె?"

మందు చేయగలిగింది చేసింది. ఈ ప్రశ్నకు జవాబు మందులో ఉండదు.

రెండో నిర్ణయం: నలుగురిలోకి పంపడం

అపార్ట్‌మెంట్‌లో సీనియర్ సిటిజన్ల వాకింగ్ గ్రూపు ఒకటి ఉంది. పొద్దున నడక, తర్వాత బెంచీల మీద కబుర్లు, నెలకోసారి గుడికో ఫాంహౌస్‌కో ప్రయాణం. నా ఆలోచన మామూలుదే: ఒంటరిగా ఉన్నాడు, మనుషుల్లో పడితే తేరుకుంటాడు. నాలుగు రోజులు వెళ్లారు. తర్వాత మోకాళ్ల నొప్పి అన్నారు, ఆ తర్వాత మంచు అన్నారు.

నిజం బయటికి రావడానికి టైము పట్టింది. మొదటి రోజే బెంచీ మీద ఎవరో అడిగారు, "మీరేం చేసేవారండీ?" అని. "కరెంటు డిపార్ట్‌మెంటు" అన్నారు ఈయన. "ఓ, ఇంజినీరా?" అన్నారు వాళ్లు. ఈయన "ఊ" అని ఊరుకున్నారు. ఆ రోజు నుంచీ అదొక భయం. సబ్‌స్టేషన్ గురించో, పాత చీఫ్ ఇంజినీర్ల గురించో ఎవరైనా అడుగుతారేమో, దొరికిపోతానేమో అని. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు, మర్యాదగానే ఉన్నారు. మాటలన్నీ షేర్లు, అమెరికాలో పిల్లలు, మోకాలి ఆపరేషన్లు. ఆ మాటల్లో ఈయన చెప్పగలిగింది ఒక్కటీ లేదు. ఊళ్లో ఏ అరుగు మీద కూర్చున్నా "మీరేం చేసేవారు" అని ఆయన్ను అడిగినవాడు లేడు. ఇక్కడ చుట్టూ మనుషులున్నారు, వాళ్లలో తన చోటు మాత్రం లేదు. గ్రూపుకు వెళ్లిన వారం ఆయన స్కోరు తగ్గకపోగా కొంచెం పెరిగింది.

ఒంటరితనమంటే మనుషులు లేకపోవడమే అని మేం తొందరగా అనేసుకుంటాం. ఈయనకు లేనిది తోడు కాదు. ఎవరైనా తన కోసం ఎదురుచూడటం ఆగిపోయింది.

పాఠ్యపుస్తకాల్లో ఈ విషయానికి బలమైన ఆధారమే ఉంది. ఆస్ట్రియాలో వియన్నాకు దగ్గర్లో మారియెంటాల్ అనే చిన్న ఊరు. ఊరంతటికీ ఆధారమైన బట్టల మిల్లు 1930 ప్రాంతంలో మూతపడింది. మారీ యహోదా, ఆమె సహచరులు అక్కడ మకాం వేసి జనం ఎలా బతుకుతున్నారో రాసుకుని 1933లో ప్రచురించారు. చేతినిండా తీరిక దొరికినా లైబ్రరీ నుంచి పుస్తకాలు తీసుకెళ్లడం పెరగలేదు, తగ్గిపోయింది. వీధిలో మగవాళ్ల నడక కూడా మందగించింది. జీతం ఒక్కటే కాకుండా ఉద్యోగం మనిషికి ఇంకా కొన్ని ఇస్తుందని యహోదా ఆ తర్వాత వివరించింది: రోజుకు ఒక క్రమం, ఇంటి బయట సంబంధాలు, పదిమందితో కలిసి ఒక లక్ష్యం, గుర్తింపు, చేతికి పని. ఈయనకు పెన్షన్ నెలనెలా వస్తూనే ఉంది. మిగిలినవన్నీ ఒక్క శాలువాతో పోయాయి.

మూడో నిర్ణయం: కాగితం మీద రోజు

"ఏది బాగుంటుంది" అని అడగడం మానేసి, ఏం చేశారో రాయమన్నాను. గంటల వారీ గళ్లున్న కాగితం. చేసిన పని ఒక గడిలో, దాని పక్కన రెండు అంకెలు: ఎంత హాయి అనిపించింది, ఎంత సాధించినట్టు అనిపించింది, పదికి. బిహేవియరల్ యాక్టివేషన్ అనే పద్ధతిలో ఇది మొదటి మెట్టు. మనసు బాగుపడ్డాక పని చేద్దామని ఆగకుండా, పనిలో దిగితే మనసు మెల్లగా వెనకాలే వస్తుందన్నది దాని సూత్రం. ఏ పనిలో దిగాలో మాత్రం ఊహించకూడదు, కాగితం చెప్పాలి.

మొదటి కాగితాల్లో అన్నీ సున్నాలు, ఒకట్లు. టీవీ 0. మధ్యాహ్నం నిద్ర 1. మనవరాలితో క్యారమ్స్ 4. తర్వాత ఒక మంగళవారం సాయంత్రం గడిలో వంకరటింకర అక్షరాలతో "న్యూట్రల్" అని ఉంది. పక్కన 9.

అడిగితే చెప్పారు. ఆ సాయంత్రం ఫ్లాట్‌లో బల్బులు మామూలుకన్నా తెల్లగా వెలిగాయట, ఫ్యాను జోరు పెరిగిందట. తలుపు తీసి చూస్తే ఎదురు ఫ్లాట్‌లో లైట్లు మిణుకుమిణుకుమంటున్నాయి. మూడు ఫేజులకూ కలిపి ఉండే న్యూట్రల్ ఎక్కడో వదులైతే ఇలాగే అవుతుంది: ఒక ఇంటికి వోల్టేజి ఎక్కువ, ఇంకో ఇంటికి తక్కువ. టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోవడానికి ఎంతోసేపు పట్టదు. ఈయన చెప్పులు కూడా లేకుండా మెట్లు దిగి సెల్లార్‌లోకి పరుగెత్తి, మెయిన్ ఆఫ్ చెయ్యమని వాచ్‌మన్ మీద అరిచారు. ఎలక్ట్రీషియన్ వచ్చి ప్యానెల్ విప్పితే న్యూట్రల్ లగ్గు, అంటే వైరును బిగించే కొస, నల్లగా కాలి ఉంది. "మసి వాసన నాకు పైననే వచ్చినట్టనిపించింది మేడం" అన్నారు. అంత సూటిగా నా కళ్లలోకి చూసి మాట్లాడటం అదే మొదలు. వివరాలన్నీ వరసగా, ఒక్కటీ మరవకుండా చెప్పారు. డిమెన్షియా అనుమానం నా మనసులో ఏ మూలైనా మిగిలి ఉంటే ఆ రోజుతో పోయింది.

దీన్నుంచి అందరికీ ఒకే ఆలోచన తట్టింది, నాకు కూడా: అపార్ట్‌మెంట్‌లోనే కరెంటు పని చూసుకోనిస్తే సరి. కొడుకు అసోసియేషన్‌తో మాట్లాడాడు. వాళ్లు సంతోషంగా మెయింటెనెన్స్ ఇన్‌చార్జి అని పేరు పెట్టారు. మొదటి వారం బాగానే రాశారు, 6లు, 7లు. నెల తిరక్కుండానే 2లకు పడిపోయింది.

కాగితాలు ముందు పెట్టుకుని ఇద్దరం వెతికాం. ఫిర్యాదులు యాప్‌లో వస్తాయి, ఫ్లాట్ నంబరు తప్ప మనిషి ముఖం తెలియదు. పని చేసేది కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్లు. ఈయన చెబితే వాళ్లకు కోపం, చెప్పకపోతే ఈయనకు ఆగదు. జనరేటర్ గదిలో ఎర్తింగ్ గుంట (లీకైన కరెంటును భూమిలోకి పంపేది) ఎండిపోయిందని చెబితే "నెక్స్ట్ మీటింగ్‌లో పెడదాం అంకుల్" అన్నారు. ఆ మీటింగ్‌కు ఈయన్ను పిలవలేదు. పని తెలుసు, దాని మీద మాట చెల్లదు. బాగుచేస్తే ఎవరికి మేలు జరిగిందో తెలియదు.

ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అనే మనస్తత్వవేత్తల సిద్ధాంతం ప్రకారం మనిషికి లోపలి నుంచి ఉత్సాహం పుట్టాలంటే మూడు కావాలి: తన నిర్ణయం తనదిగా ఉండటం, చేతనవుతుందన్న నమ్మకం, తనవాళ్లనిపించే మనుషులు. వాకింగ్ గ్రూపులో మనుషులున్నారు, ఆయన నైపుణ్యానికి చోటు లేదు. అపార్ట్‌మెంట్‌లో నైపుణ్యానికి చోటుంది, మిగతా రెండూ లేవు. ఈ రెండు విఫలమైన ప్రయత్నాలనూ పక్కపక్కన పెట్టి చూస్తేనే వెతకాల్సింది ఏమిటో తేలింది: ఆయనకు పేరుపేరునా తెలిసిన మనుషులు, ఆయన ఒక్కడే సరిగ్గా చేయగల పని, ఎప్పుడు ఎలా చేయాలో ఆయనే చెప్పే వీలు.

నాలుగో నిర్ణయం: ఒక వానాకాలం ఊరికి

ఊరు అనగానే ఇంట్లో గొడవ. కొడుక్కి రెండు భయాలు: ఒంటరిగా ఉంటే నాయిన మళ్లీ కుంగిపోతాడని, "కొడుకు తండ్రిని ఊళ్లో వదిలేసిండు" అని నలుగురూ అంటారని. రెండోదాన్ని కొట్టిపారేయకూడదు. మన దగ్గర ఆ మాట నిజంగానే అంటారు, అది ఆ కొడుకు జీవితాంతం మోయాల్సిన మాట.

భార్య అన్నది ఇంకా బరువైనది. "ఆయనకు ఊరు కావాలె. నాకు నా మనవరాలు కావాలె. ఇన్నేండ్లు రాత్రిళ్లు ఒక్కదాన్నే ఉన్న. ఇప్పుడు గూడ ఆయన మాటే వింటరా మేడం?" ఆమెకు సిటీలో మొదటిసారి తనకంటూ ఒక జీవితం దొరికింది. పక్క ఫ్లాట్ల ఆడవాళ్లు, భజన, పొద్దున బాక్సు కట్టి పిల్లను బస్సెక్కించడం. ఆయన కోసం వెతుకుతున్నదే ఆమెకు అక్కడ ఉంది. ఒకరి చోటు కోసం ఇంకొకరి చోటు లాగేస్తే అది చికిత్స కాదు. అందుకే ఇల్లు మార్చడం గురించి మాట్లాడకుండా, ఒక్క వానాకాలం వరకే పరీక్షగా అన్నాం. జూన్ నుంచి దసరా దాకా. ఆయన ఊళ్లో, ఆమె హైదరాబాద్‌లో, సెలవులకు ఆమె అటు, నెలలో కొన్ని రోజులు ఆయన ఇటు. ఊళ్లో తమ్ముడి ఇంట్లో భోజనం, మందుల డబ్బా తమ్ముడి భార్య చేతిలో. నాతో వీడియోలో మాటలు, సైకియాట్రిస్టు దగ్గరికి వచ్చిపోవడం మామూలే.

పని ఏమిటన్నది ఆయనే తేల్చారు. ఏటా వానలు పడగానే పేపర్లో వచ్చే వార్తలు మనందరికీ తెలిసినవే. బట్టలారేస్తుంటే దండెం తీగకు కరెంటు వచ్చి తల్లి, పట్టుకోబోయి కొడుకు. రేకుల ఇంటికి వచ్చే సర్వీసు వైరు గాలికి రాసుకుని రాసుకుని పైతొడుగు పోతుంది, రేకులకు తగులుతుంది, రేకులకు కట్టిన ఇనుప దండెంలోకి కరెంటు దిగుతుంది. తడి బట్ట, తడి నేల. ఎర్తింగ్ సరిగా ఉండి, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కట్టయ్యే బ్రేకర్ బిగించి ఉంటే ఇలాంటి చావులు చాలావరకు ఆగుతాయి. చాలా ఇళ్లలో రెండూ ఉండవు. సర్వీసులో ఉండగా ఆయన కళ్లముందే ఒక హెల్పర్ కుర్రాడు పోయాడు. లైన్ క్లియర్, అంటే పని కోసం కరెంటు ఆపించిన అనుమతి, తీసుకున్నది ఒక ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను) మీద, కరెంటు ఉన్నది పక్క ఫీడర్‌లో. అంతకుముందెప్పుడూ ఎత్తని ఆ సంగతి ఈ పని గురించి మాట్లాడుతున్నప్పుడే చెప్పారు. పదవి ఉన్నప్పుడు తీరికలేక వదిలేసింది, ఇప్పుడు చేస్తానన్నారు: ఇంటింటికీ ఎర్తింగు, దండెం, స్టార్టర్ డబ్బా చూడటం.

ఇక్కడ నాకున్న భయం వేరు. రోజులు లెక్కపెట్టుకుంటూ గడిపిన మనిషిని మళ్లీ కరెంటు దగ్గరికి పంపుతున్నాను. తొమ్మిదో ప్రశ్నకు జవాబు వరసగా కొన్ని వారాలు "లేదు" అని వచ్చాకే, సైకియాట్రిస్టుతో మాట్లాడాకే సరేనన్నాను. షరతులు కాగితం మీద రాసుకున్నాం. స్తంభం ఎక్కకూడదు. ట్రాన్స్‌ఫార్మర్ ముట్టకూడదు. ఇంట్లో మీటర్ ఇవతలే పని, పొలంలో స్టార్టర్ డబ్బా నుంచి మోటర్ దాకానే. చీకటి పడ్డాక తడి పొలంలోకి ఒంటరిగా వెళ్లకూడదు. రిటైరైన మనిషికి లైన్ మీద చెయ్యి వేసే హక్కు లేదు. వేస్తే ప్రాణానికే కాదు, ఇప్పుడున్న లైన్‌మన్ ఉద్యోగానికి కూడా ముప్పు.

డబ్బు సంగతి కూడా చర్చకు వచ్చింది. తీసుకోనన్నారు. పూర్తిగా ఉచితమైతే ఊరికి అది హక్కైపోతుంది, కూలి తీసుకుంటే ఈయన ఇంకో ఎలక్ట్రీషియన్ అవుతాడు. మధ్యేమార్గం ఆయనకే తట్టింది. పైపు, వైరు ఖర్చు ఇంటివాళ్లది. గుంట ఇంటివాళ్లే తవ్వాలి. ఆయన పక్కన నిలబడి ఎనిమిదడుగుల జీఐ పైపు దింపించి, బొగ్గూ ఉప్పూ పొరలుగా వేయించి, ఎండాకాలంలో దానికి నీళ్లెందుకు పోయాలో ఆ ఇంట్లో ఒకరికి నేర్పి వస్తారు. ఈ ఏర్పాటు నాకెంతో నచ్చింది. సాయం తీసుకున్నవాడికీ చేతికి మట్టి అంటితే ఇద్దరూ సమానంగా మిగులుతారు.

అయినా మొదటి వారాలు బాగా గడవలేదు. ఎర్తింగ్ కోసం ఒక్కరూ పిలవలేదు. జరగని ప్రమాదం గురించి ఎవరికి పడుతుంది? వచ్చినవాళ్లు "కాకా, ఫీజు వేసిపో" అని పాత పనికే వచ్చారు. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి, లైన్‌మన్ వస్తాడు అని చెబితే మొహం మాడ్చుకున్నారు. కొత్త లైన్‌మన్ కుర్రాడు, పెద్దాయన మళ్లీ పెత్తనానికి వచ్చాడేమోనని అంటీముట్టనట్టు ఉన్నాడు. స్కోరు 13కి ఎగబాకింది. కొడుకు వెంటనే తీసుకొచ్చేస్తానన్నాడు.

నేను కొన్నాళ్లు ఆగమన్నాను. ఈసారి ఆయన దిగులు వేరేలా ఉంది. ముందు "ఏం చేయాలె" అనేవారు, ఇప్పుడు "వీళ్లకెట్ల చెప్పాలె" అని కోప్పడుతున్నారు. కోపం వచ్చిందంటే పని ఆయనకు పట్టిందన్నమాట. మార్చాల్సింది దారి మాత్రమే అనిపించింది. పిలుపు కోసం ఎదురుచూడకుండా మీరే వెళ్లగలిగే తలుపు ఏదని అడిగాను. బడి అన్నారు. హెడ్‌మాస్టరు ఒప్పుకున్నారు. బడి బోరు స్టార్టరు, మధ్యాహ్న భోజనం వండే షెడ్డు చూసి, ప్రార్థన అయ్యాక పిల్లలకు టెస్టర్ పట్టి చూపించారు. మీ ఇంట్లో దండెం తీగదా తాడుదా, రేపు చెప్పాలి అని పని అప్పగించారు. రెండో రోజు నుంచి పిల్లలు తల్లులను వెంటబెట్టుకుని వచ్చారు.

ఆ నెల కాగితం నా దగ్గరుంది. ఒక గడిలో ఇలా రాశారు: "చెరువు కట్ట కింది ఇల్లు. దండెం తీగ రేకులకు తగిలింది. టెస్టర్ ఎలిగింది. మెయిన్ బంద్ పెట్టించి లైన్‌మన్‌కు ఫోన్ చేసిన, సర్వీసు వైరు మార్చిండు. ప్లాస్టిక్ తాడు కట్టించిన. ఆ పిల్ల రోజు బట్టలారేసేది అక్కడ్నే." పక్కన 10. అంకె మీద మళ్లీ మళ్లీ గీసినట్టుంది, పెన్ను కాగితంలోకి దిగింది.

లైన్‌మన్ కుర్రాడితో సంబంధం కూడా అలాంటి ఫోన్ల మీదే కుదిరింది. ఈయన తన చెయ్యి పెట్టకుండా ప్రతిసారీ అతనికే చెప్పడం చూసి అతని అనుమానం పోయింది. ఆ తర్వాత అతనే, గాలివానకు ఏ స్తంభాలు ముందు పడతాయో అడిగి రాసుకున్నాడు. ఐటీఐ చదివి ఖాళీగా ఉన్న ఇద్దరు కుర్రాళ్లు సంచీ మోస్తూ వెంట తిరగడం మొదలుపెట్టారు.

ఇప్పటి పరిస్థితి, నేను మార్చుకున్న పద్ధతి

దసరాకు స్కోరు 5. మందు వెంటనే ఆపలేదు. బాగైపోయాడనిపించాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించాలని సైకియాట్రిస్టు చెప్పారు, తర్వాత మెల్లగా తగ్గించారు. యాసంగిలో పని పలచబడి మోకాళ్ల నొప్పి ఎక్కువైనప్పుడు 9 దాకా వెళ్లి మళ్లీ దిగింది. ఇలాంటి ఎత్తుపల్లాలు ఉంటాయని ముందే చెప్పి ఉండటం వల్ల ఇంట్లో ఎవరూ కంగారుపడలేదు.

ఈ కేసు తర్వాత రిటైరైనవాళ్లను మొదట కలిసినప్పుడు హాబీల గురించి అడగడం తగ్గించాను. మీకు ఆఖరిసారి ఎవరు ఫోన్ చేశారు, ఏ పని మీద చేశారు, మీరు లేకపోతే ఆ పని ఎలా అయ్యేది అని అడుగుతున్నాను. పిల్లలతో విడిగా మాట్లాడి, ఇంట్లో ఆయన లేదా ఆమె చేతి నుంచి ప్రేమతో ఏమేం తీసేశారో రాయమంటున్నాను. ఆ జాబితా చూసి వాళ్లే ఆశ్చర్యపోతారు. అందరినీ ఊరికి పంపడం జవాబని మాత్రం అనుకోవద్దు. ఈయనకు ఊళ్లో ముప్పై ఏళ్ల నమ్మకం కూడబెట్టి ఉంది, తిండిపెట్టే తమ్ముడున్నాడు, పెన్షన్ ఉంది. ఇవి లేనివాళ్లకు ఇదే పని చెబితే అన్యాయం చేసినట్టే. కొందరికి ఆ చోటు సిటీలోనే, వీధి చివర ట్యూషన్లోనో గుడి వంటశాలలోనో దొరకొచ్చు. ఈయన భార్యకు దొరికినట్టే.

ఇంకా తేలనిది ఆమె సంగతే. వచ్చిపోవడాలతో అలసిపోతున్నారు. ఆయన మోకాలి ఆపరేషన్ ఈ వేసవి సెలవుల్లోనే చేయించుకోవాలని, అప్పుడైతే తను పక్కనుండి చూసుకోగలనని ఆమె అంటున్నారు. వానల ముందు మంచం పడితే ఈ ఏడు ఇళ్లు చూసేదెవరని ఆయన అంటున్నారు. కుర్రాళ్లిద్దరికీ అప్పగించే ధైర్యం ఆయనకు ఇంకా రాలేదు. వచ్చేసారి ఇద్దరినీ కలిపి కూర్చోబెడుతున్నాను. ఆ కుర్రాళ్లలో ఒకడిని కూడా తీసుకురమ్మన్నాను.